69 కమారోలో ఉన్నది అసలు ఇంజనేనా? గుద్దిన నంబర్లు చదవడం ఎలా?

పాత కారు అమ్మేవాళ్లను "ఇంజన్ ఒరిజినలేనా" అని అడిగితే వెంటనే బ్లాకు (సిలిండర్లుండే ఇంజన్ ప్రధాన ఇనుప భాగం) వెనక్కి టార్చి కొట్టి 3970010 అనే నంబరు చూపిస్తారు. అది బ్లాకుతో పాటే పోతలో వచ్చిన నంబరు. 1969 నుంచి 1979 దాకా షెవర్లే అదే నంబరుతో బ్లాకులు పోస్తూనే ఉంది. అది చూసి నమ్మడమంటే ఇంటిపేరు కలిసిందని సొంత తమ్ముడనుకోవడమే.

ఇక్కడ చెప్పేది షెవర్లే వాళ్ల అమెరికన్ కారు 1969 కమారో, అందులోని స్మాల్ బ్లాక్ వి8 (ఎనిమిది సిలిండర్ల, సైజు చిన్నదైన ఇంజన్) గురించి. మన ఆర్‌సీలో ఛాసిస్ నంబరు పక్కనే ఇంజన్ నంబరూ ఉంటుంది కాబట్టి పోల్చుకోవడం తేలిక. అమెరికాలో టైటిల్ (యాజమాన్య పత్రం) మీద సాధారణంగా విన్ నంబరు, అంటే మన ఛాసిస్ నంబరు లాంటిది, ఒక్కటే ఉంటుంది. ఇంజన్ సంగతి మనమే తేల్చుకోవాలి.

బ్రేక్ క్లీనర్, పాత టూత్‌బ్రష్, రెండు ఐస్‌క్రీమ్ పుల్లలు, టార్చి, ఫోను చాలు. ముందు విన్ రాసుకోండి. డ్యాష్‌బోర్డు మీద డ్రైవరు వైపు, అద్దంలోంచి కనిపిస్తుంది. వి8 కూపే అయితే 124379తో మొదలవుతుంది. తర్వాత ఎన్ ఉంటే ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీ, ఎల్ ఉంటే లాస్ ఏంజెలెస్. ఆపైన ఆరంకెల వరస నంబరు. ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీది చిన్న రేకు మీద 05సి అని ఉంటే బాడీ మే మూడో వారానిది.

ఇంజన్ వెనక కొసన, గేర్‌బాక్సు కలిసే అంచు దగ్గర, పోత తేదీ ఉబ్బెత్తుగా ఉంటుంది. డి 18 9 అంటే ఏప్రిల్ 18. ఎ జనవరి, ఎల్ డిసెంబరు. చివరి 9 మాత్రం 1969 కావచ్చు, 1979 కూడా కావచ్చు.

ఇక అసలు పని. ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్‌కి ముందు, బ్లాకు మీద చదునైన చిన్న మెట్టు ఉంటుంది. దాన్ని ప్యాడ్ అంటారు. బోనెట్ ముందు నిలబడితే మీ ఎడమచేతి వైపు. 69లో ఆల్టర్నేటర్‌ని సరిగ్గా అటే పెట్టారు కాబట్టి దాన్ని విప్పకుండా ప్యాడ్ పూర్తిగా కనిపించదు. సందులోంచి అద్దం పెట్టి చూశామనేవాళ్ల మాట నేను లెక్కలోకి తీసుకోను. విప్పడానికి యజమాని ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయండి.

ప్యాడ్ మీద యాభై ఏళ్ల జిడ్డు, రంగు పేరుకుని ఉంటాయి. దయచేసి వైర్ బ్రష్ ముట్టుకోవద్దు. ఎమరీ పేపరు, స్క్రూడ్రైవరు కూడా వద్దు. నా స్నేహితుడొకడు డ్రిల్లుకి వైర్ వీలు బిగించి అర నిమిషంలో ప్యాడ్‌ని అద్దంలా చేశాడు. అంకెలు మిగిలాయి, సాక్ష్యం పోయింది. ఆ సాక్ష్యం ఏమిటంటే, ఫ్యాక్టరీలో బ్లాకు పైభాగాన్ని చదును చేసిన యంత్రం ముందు నుంచి వెనక్కి సన్నని సమాంతర గీతలు వదులుతుంది. అసలు ముద్ర ఆ గీతల మీదే పడి ఉండాలి. గీతల్లేకుండా నున్నగా ఉంటే ఎవరో చెక్కేసి కొత్తగా గుద్దారేమో అని అనుమానించాలి. ఇంజన్ రీబిల్డ్‌లో పైభాగం చెక్కినా గీతలు పోతాయి కాబట్టి వెంటనే దొంగ అనేయకండి, బిల్లులు అడగండి.

అందుకే బ్రేక్ క్లీనర్ కొట్టి పది నిమిషాలు ఆగండి, పుల్లతో గీకండి, బ్రష్‌తో తుడవండి, మళ్లీ కొట్టండి. నాలుగైదు సార్లయినా ఇంతే. ఇంజన్ చల్లారి ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. తర్వాత లైట్లు ఆర్పి, టార్చిని ప్యాడ్‌కి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టుకుని ఫొటోలు తీయండి. కాగితం పెట్టి పెన్సిల్ రుద్దే పద్ధతి నాకు నచ్చదు. అంకెలు వస్తాయి గానీ గీతలు రావు.

ప్యాడ్ మీది మొదటి ముద్ర వి0512డీజెడ్ అని ఉందనుకోండి. వి అంటే ఫ్లింట్ ఇంజన్ ప్లాంటు, 0512 అంటే మే 12, డీజెడ్ అంటే కమారోలో వేగానికి పేరున్న రకం 69 జెడ్/28లో పెట్టిన 302 (ఘనపు అంగుళాల్లో సైజు) ఇంజన్. 1970 నుంచి ఈ చివరి అక్షరాలు మూడయ్యాయి. ఇందాకటి 9 చిక్కు ఇక్కడే విడిపోతుంది. ఏప్రిల్ 18న పోత, మే 12న ఇంజన్ బిగింపు, మే మూడో వారంలో కారు. వరస ఇలాగే రావాలి. కారు తయారయ్యాక పోసిన బ్లాకైతే అది తర్వాత మార్చిందే.

రెండో ముద్ర 19ఎన్, దాని వెంట ఆరంకెలు. ప్యాడ్ మీద లేకపోతే ఆయిల్ ఫిల్టర్ దగ్గర వెతకండి. ఆ ఆరూ విన్‌లోని చివరి ఆరుతో కలవాలి, అయిదు కలిస్తే చాలదు. మొదటి ముద్ర ఇంజన్ ప్లాంటులో పడితే ఇది కారు ఫ్యాక్టరీలో పడింది. రెండింటి అక్షరాలూ ఒకే అచ్చులో ఉంటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

ప్యాడ్ మీది ముద్ర సీఈ అక్షరాలతో మొదలైతే అది కంపెనీ వారంటీ కింద ఇచ్చిన బదులు ఇంజన్. పక్కనున్న అంకె సంవత్సరం. అలాంటిదాన్ని తక్కువ చేయకండి, దొంగముద్ర కంటే వంద రెట్లు మేలు. కాకపోతే అది 302నా 350నా అని ఆ ముద్ర చెప్పదు. రెండింటికీ బోరు (సిలిండర్ వెడల్పు) 4 అంగుళాలే. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 302కి 3, 350కి 3.48 అంగుళాలు. హెడ్ విప్పినప్పుడు కొలుచుకోవాలి.

ఫొటోలు అయ్యాక ప్యాడ్ మీద వేలితో చుక్క ఇంజన్ ఆయిల్ రాయండి. బ్రేక్ క్లీనర్ తగిలిన ఉత్త ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. ఆల్టర్నేటర్ బెల్టు బిగువు చూసుకుని బిగించండి.