కొత్తగా తెచ్చిన కుందేలు కరుస్తోందా? సమస్యలు - పరిష్కారాలు

కుందేలును ఇంటికి తెచ్చి వారం తిరగకుండానే "ఇది పొగరుబోతుది" అని తేల్చేసేవారు చాలామంది ఉంటారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని పట్టుబట్టే ముందు, అడవిలో నక్క నుంచి గద్ద దాకా అందరికీ ఆహారమయ్యే ప్రాణి ఇదని గుర్తు చేసుకుంటే, దాని చేష్టలు సగం అర్థమవుతాయి.

సమస్య: తలుపు తీసినా బోనులోంచి బయటికి రాదు

మొదటి కొన్ని రోజులు భయంతో మూల నక్కడం సహజం. వారం దాటినా రాకపోతే నేలను చూడండి. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు అరికాళ్లకు మెత్తలు ఉండవు, దట్టమైన వెంట్రుకలే ఉంటాయి కనుక నున్నటి టైల్స్ మీద అది నిలదొక్కుకోలేదు. మా ఇంటికి వచ్చిన కుందేలు ముందుకాళ్లు రెండూ బయటపెట్టి, అవి చెరోపక్కకీ జారగానే వెనక్కి దూకేది. పాత జంపఖానా పరిచిన సాయంత్రమే గది చివరిదాకా వెళ్లి వచ్చింది.

సమస్య: చెయ్యి పెడితే గుర్రుమంటూ మీదికి వస్తుంది, కరుస్తుంది

ఎక్కువమంది విసిగిపోయేది ఇక్కడే. కుందేలు కళ్లు తలకు చెరోపక్కన ఉండటం వల్ల దానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది కానీ, సరిగ్గా ముక్కు ముందున్నది మాత్రం కనిపించదు. అందువల్ల ఊచల మధ్య నుంచి దూర్చిన వేలు దానికి హఠాత్తుగా ఊడిపడ్డ వస్తువు, పైనుంచి దిగే చెయ్యి గద్ద. చేతిని పక్కనుంచి, చెంప ఎత్తులో, కనిపించేలా తీసుకువెళ్లి ముందు నుదురు నిమరాలి. బోను దాని సొంత ఇల్లు కాబట్టి అది బయట తిరుగుతున్నప్పుడే శుభ్రం చేయాలి. ఎత్తుకుంటే కరిచేదైతే కొన్ని వారాలు ఎత్తడం మానేసి నేల మీద కూర్చుని, కొత్తిమీర రెబ్బ అందిస్తూ, దానంతట అది దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లడానికి ఎత్తక తప్పనప్పుడు, గింజుకుంటే వెన్నెముక విరిగే ప్రమాదం ఉంది కాబట్టి, వెనుకభాగం కింద చెయ్యి ఆనించాలే తప్ప చెవులు పట్టుకుని లేపకూడదు. కొడితే మాత్రం, అప్పటిదాకా చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

సమస్య: ఎక్కడపడితే అక్కడ మూత్రం పోస్తుంది, కాళ్ల చుట్టూ తిరుగుతుంది

వయసు మూడున్నర నుంచి ఆరు నెలల మధ్య ఉంటే ఇది యుక్తవయసు లక్షణం, తన హద్దులకు మూత్రంతో గుర్తు వేసుకోవడం. సంతాన నిరోధక శస్త్రచికిత్సే అసలు పరిష్కారం. ఆడవాటిలో వయసు పెరిగేకొద్దీ తరచుగా కనిపించే గర్భాశయ క్యాన్సర్‌ను కూడా అది నివారిస్తుంది. కుందేలుకు వాంతి చేసుకునే సామర్థ్యమే ఉండదు కాబట్టి, కుక్కలకు చెప్పినట్టు శస్త్రచికిత్సకు ముందు రాత్రంతా పస్తు ఉంచమంటే ఆ వైద్యుడికి కుందేళ్ల అనుభవం లేదని అర్థం. మార్పు కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా అది ఎంచుకున్న మూలలోనే వార్తాపత్రికలు పరిచిన ట్రే పెట్టి, ఒక చివర ఎండుగడ్డి వేయండి. తింటూ విసర్జించడం దాని అలవాటు. మిగతాచోట్ల వాసన పోయేలా వెనిగర్ కలిపిన నీటితో తుడవాలి.

సమస్య: ఛార్జర్ తీగలు కొరికేస్తుంది

పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరకడం మాన్పించలేం. తీగలను పీవీసీ గొట్టంలోకి దూర్చి, బదులుగా జామ కొమ్మలు ఇవ్వండి. ఆహారంలో ఎండుగడ్డి ముఖ్యం. క్యారెట్ ఎప్పుడో ఒక ముక్క చాలు.

సమస్య: మచ్చికైన కుందేలు ఉన్నట్టుండి కరుస్తుంది, లేదా ముడుచుకుని కూర్చుంటుంది

దీన్ని మొండితనంగా భావించకండి, నొప్పి కావచ్చు. పళ్లు గట్టిగా నూరడం, పెంటికలు చిన్నవి కావడం లేదా ఆగిపోవడం కూడా కనిపిస్తే పేగుల కదలిక మందగించిందని అనుమానించాలి. పన్నెండు గంటలుగా ఏమీ తినకపోతే తెల్లవారేదాకా ఆగకుండా, రాత్రయినా సరే పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి.