ఒకే వెబ్‌సైట్ ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కోలా కనిపిస్తుంటే ఏం చేయాలి?

మా చెల్లెలు ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. తన కోసం నేనొక చిన్న వెబ్‌సైట్ తయారుచేసిచ్చాను. నా విండోస్ లాప్‌టాప్‌లో, క్రోమ్‌లో అంతా చక్కగా ఉంది. రెండో రోజే ఒకాయన తన ఐఫోన్‌లోంచి స్క్రీన్‌షాట్ పంపారు. "గోంగూర పచ్చడి" అన్నచోట కింది వత్తు తెగిపోయి "పచడి" అని ఉంది. కొనేవాళ్లు చూసే మొదటి మాటే అలా ఉంటే టెన్షన్ పట్టుకోదా! అప్పుడు కూర్చుని నేర్చుకున్నది వరసగా చెబుతాను.

ముందు అసలు కారణం. వెబ్ పేజీ ఫొటో లాంటిది కాదు. మన ఫోన్‌కి వచ్చేవి హెచ్‌టీఎంఎల్ (ఏది ఏమిటో చెప్పేది), సీఎస్ఎస్ (అది ఎలా కనిపించాలో చెప్పేది) అనే భాషల్లో రాసిన సూచనలు: ఇది శీర్షిక, ఇది ఎరుపు, దీని వెడల్పు ఇంత. వాటిని చదివి తెరమీద గీసేది బ్రౌజర్ లోపలి ఇంజిన్. క్రోమ్, ఎడ్జ్, ఒపెరా, శాంసంగ్ ఇంటర్నెట్‌లలో ఉన్నది బ్లింక్. ఫైర్‌ఫాక్స్‌ది గెకో, సఫారీది వెబ్‌కిట్. మనం చెప్పకుండా వదిలేసినవాటిని ఇంజిన్ తన అలవాటు ప్రకారం నింపుకుంటుంది. తేడాలు ఎక్కువగా పుట్టేది అక్కడే.

1. పోలిక సరిగ్గా చేయండి

ఒకే కంప్యూటర్‌లో రెండు బ్రౌజర్లు పక్కపక్కన తెరవండి. రెండింటిలోనూ కంట్రోల్, సున్నా కలిపి నొక్కితే జూమ్ 100 శాతానికి వస్తుంది. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ నొక్కితే పేజీ పాత కాపీ కాకుండా కొత్తగా దిగుతుంది. ప్రైవేట్ విండోలో కూడా చూడండి, మామూలుగా అక్కడ ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి మనం అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములు) పనిచేయవు. ఫోన్‌లో అయితే డార్క్ మోడ్, అక్షరాల సైజు సెట్టింగ్ చూసుకోండి. బ్రౌజర్ పాతదైతే అప్‌డేట్ చేయండి. సైట్ మీది కాకపోతే మీ చేతిలో ఉన్నది దాదాపు ఇంతే.

2. తేడా దేనిలో ఉందో తేల్చుకోండి

అక్షరాల్లోనా, ఖాళీల్లోనా, లేక ఒక భాగం మొత్తం పక్కకి జరిగిపోయిందా? మూడింటికీ మందులు వేరు.

3. అక్షరాలైతే ఫాంట్ చూడండి

తెలుగు సైట్లకు అసలు చిక్కు ఇదే. మీరు ఏ తెలుగు ఫాంటూ చెప్పకపోతే, బ్రౌజర్ ఆ పరికరంలో ఉన్నదాన్ని వాడుకుంటుంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో అది గౌతమి, విండోస్ 8 నుంచి నిర్మల. ఆండ్రాయిడ్‌లో సాధారణంగా నోటో, ఐఫోన్‌లో కోహినూర్. ఒక్కోదాని ఎత్తు, లావు ఒక్కో రకం. ఇంగ్లిష్ అక్షరాల కొలతతో పెట్టెలు గీస్తే పైన గుడి, కింద వత్తు ఇరుక్కుపోతాయి. నేను చేసిన తప్పు అదే: పచ్చడి పేరున్న పెట్టెకి ఎత్తు బిగించేసి, మించినది కనిపించకుండా దాచమని రాశాను.

ఏ ఫాంట్ వాడుతోందో తెలుసుకోవాలంటే అక్షరాల మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో ఫాంట్స్ అనే ట్యాబ్ ఉంటుంది. క్రోమ్‌లో కంప్యూటెడ్ ట్యాబ్ అడుగున కనిపిస్తుంది.

సరిచేయడానికి, ఫాంట్‌ని సైటుతోపాటే పంపించండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్టీఆర్, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. మండలికి బోల్డ్ రూపం లేదు. మీరు బోల్డ్ అడిగితే బ్రౌజరే అక్షరాన్ని లావు చేసేస్తుంది, తెలుగు అక్షరాల్లోని సన్నని ఖాళీలు పూడుకుపోతాయి. బోల్డ్ కావాలంటే నోటో మేలు. లైన్-హైట్ (ఒక్కో వరసకు ఇచ్చే ఎత్తు) 1.6 కన్నా తగ్గించకండి. పెట్టెలకు ఎత్తు బిగించే బదులు పైనా కిందా ప్యాడింగ్ (పెట్టె లోపలి ఖాళీ) ఇవ్వండి.

తెలుగు అక్షరాలు పేర్చడం పెద్ద కంపెనీలకూ తేలిక పని కాదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"కు సంబంధించిన ఒక అక్షర వరస వస్తే ఐఫోన్లలో యాప్‌లు ఆగిపోయాయి. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది.

4. ఖాళీలైతే

బ్రౌజర్ పేజీ చుట్టూ తనంతట తానే 8 పిక్సెళ్ల ఖాళీ వదులుతుంది. బటన్లు, తేదీ ఎంచుకునే పెట్టెలు ఒక్కోచోట ఒక్కో ఆకారంలో వస్తాయి. వాటి మార్జిన్ (బయటి ఖాళీ), ప్యాడింగ్, ఫాంట్ మీరే స్పష్టంగా రాయండి.

5. ఒక భాగం మొత్తం చెదిరితే

తనకు తెలియని సీఎస్ఎస్ లైన్‌ని బ్రౌజర్ ఏ ఎర్రరూ చూపకుండా వదిలేస్తుంది. మీరు వాడిన సదుపాయం ఏ బ్రౌజర్‌కి తెలుసో "కెన్ ఐ యూజ్" సైటులో వెతకండి. పాత పద్ధతి లైన్ ముందు, కొత్తది తర్వాత రాస్తే, కొత్తది అర్థంకాని బ్రౌజర్ పాతదానితో సరిపెట్టుకుంటుంది.

6. ఐఫోన్‌లో విడిగా చూడండి

మన దేశంలో ఐఫోన్‌లో క్రోమ్ పెట్టుకున్నా లోపల ఉండేది వెబ్‌కిట్టే. ఆపిల్ నియమం అది. 2024లో యూరోపియన్ యూనియన్‌లో దాన్ని సడలించింది. కాబట్టి లాప్‌టాప్ క్రోమ్‌లో బాగుందని ఊరుకోవద్దు, ఎవరిదైనా ఐఫోన్ అడిగి తీసుకుని చూడండి.

నేను ఆ స్క్రీన్‌షాట్ పంపినాయన్నే మళ్లీ అడిగాను. ఆయన ఫోన్‌లో అక్షరాలు నా లాప్‌టాప్‌లో కన్నా కాస్త లావుగా ఉన్నాయి, దాన్ని అలాగే వదిలేశాను. "పచ్చడి"లో వత్తు మాత్రం పూర్తిగా కనిపిస్తోంది.