దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి: పొద్దుటి ప్రయాణానికి సన్నాహం

ఉదయం ఎన్ని గంటలకు లేవాలో ఆఫీసు వేళ నుంచి వెనక్కి లెక్కించుకోవాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో మియాపూర్ వైపు వెళ్లే మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, రాయదుర్గం రైలు అందుకోవాలి కనుక, రైల్లో గడిపే సమయానికి ఇంటి నుంచి స్టేషన్‌కు నడక, తనిఖీ దగ్గర వరుస, అమీర్‌పేటలో మారే వ్యవధి, చివర షేర్ ఆటో కోసం నిరీక్షణ కూడా కలపాలి. చాలామంది ఈ చివరి రెండింటినీ మరచిపోతారు.

అమీర్‌పేటలో రద్దీ ఎక్కువ. అక్కడ మెట్లకు ఎదురుగా ఆగే తలుపు ఏదో ఒకసారి గమనించి పెట్టుకొని, మరునాటి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఆ తలుపు దగ్గర ఎక్కితే, దిగిన వెంటనే గుంపు కన్నా ముందు కదలవచ్చు. బ్యాగును వీపు మీద నుంచి తీసి ముందుకు వేసుకోవడం మీకూ, వెనుక నిలబడినవారికీ మేలు.

ఫోన్‌లో టికెట్ తీసుకునేవారు రాత్రే ఛార్జింగ్ పెట్టుకోవాలి. రోజూ వెళ్లేవారికి స్మార్ట్ కార్డే నయమని నా అభిప్రాయం. టిఫిన్ మాత్రం ఇంట్లోనే ముగించాలి, రెండు ఇడ్లీలైనా సరే.

సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం. జీరో టికెట్ కోసం చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. లింగంపల్లి, సికింద్రాబాద్ మధ్య ఎంఎంటీఎస్ (నగర లోకల్ రైలు) స్టేషన్ల దగ్గర ఉండేవారు ముందుగా రైలు వేళలు చూసుకోవాలి. వాన పడిన ఉదయం బైకును ఇంటి దగ్గరే ఉంచి, మామూలు కన్నా అరగంట ముందు బయలుదేరాలి.