చెన్ తైచీ: అసలైన సాధన ఎలా మొదలుపెట్టాలి, ఎలా పరీక్షించుకోవాలి

నేను చైనాలో, జెంగ్‌జౌలో ఎంబీబీఎస్ చదివే రోజుల్లో తైచీ అనే చైనా యుద్ధవిద్యను, అందులో చెన్ వంశం వారి శైలిని నేర్చుకున్నాను. అదే హెనాన్ ప్రావిన్స్‌లో, పసుపు నదికి ఉత్తరాన, వెన్ జిల్లాలో చెన్‌జియాగౌ అనే ఊరుంది. 17వ శతాబ్దంలో చెన్ వాంగ్‌తింగ్ ఈ విద్యను అక్కడే రూపొందించాడని ఆ ఊరివాళ్లు చెబుతారు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది "మీ గురువుగారిది ఏ పరంపర?" అని. అడగాల్సిన ప్రశ్నే, కానీ రెండోది. మిమ్మల్ని ఒకరు నెట్టినప్పుడు మీ ఒంట్లో ఏం జరుగుతుందన్నది మొదటిది.

ఇంటిపేరు చెన్ అయినంత మాత్రాన విద్య రాదు. 1958లో ఆ వంశపు గురువు చెన్ జావోపీ సొంతూరు చెన్‌జియాగౌకి తిరిగి వచ్చేసరికి అక్కడే సాధన సన్నగిల్లిపోయి ఉంది. ఆ పెద్దాయన ఊళ్లోనే ఉండిపోయి కుర్రాళ్లకు మళ్లీ నేర్పాడు. చెన్ షియావోవాంగ్, చెన్ జెంగ్‌లేయ్ వంటి పేరున్న గురువులు అలా తయారైనవాళ్లే.

సరే, సాధనకు వద్దాం. మొదటి కొన్ని నెలలూ కేవలం నిలబడండి. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచండి. అవి కాలివేళ్లను దాటి ముందుకు పోకూడదు. తోక ఎముక కిందికి దిగాలి, నడినెత్తి పైకి లేవాలి. చేతులు ఛాతీ ఎత్తున, పెద్ద బంతిని పట్టుకున్నట్టు గుండ్రంగా ఉంచండి. భుజాలు మీకు తెలియకుండానే చెవుల వైపు పాకుతాయి. శ్వాస వదిలినప్పుడల్లా వాటిని దించండి. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.

మా గురువుగారు నా తుంటిని రెండు చేతులతో పట్టుకుని ఒక్క పిసరు కిందికి దించేవారు. బయటినుంచి చూసేవాళ్లకు తేడా కనిపించదు, నా తొడలు మాత్రం గజగజ వణికేవి. ఇలా చేతితో పట్టుకుని సరిచేసే గురువు కావాలి. వీడియోలో ఎంత బాగా చూపించినా ఈ పిసరు దొరకదు.

నొప్పి గురించి డాక్టరుగా ఒక మాట. తొడలు మండితే పర్వాలేదు. మోకాలి లోపల నొప్పి వస్తే వెంటనే ఆపండి. పాదం నేలకు అతుక్కుని ఉండగా మోకాలిని మెలిపెట్టడమే సాధారణంగా దానికి కారణం. తిరగాల్సింది గజ్జల దగ్గర, తుంటి కీలులో. మోకాలు ఎప్పుడూ పాదం చూసే వైపే చూడాలి.

తర్వాతది చాన్ స్సు జిన్, అంటే పట్టుదారం తీసే బలం. ఒక చేయి నడుం మీద పెట్టుకుని, రెండో చేత్తో గాలిలో నిదానంగా వలయం గీయాలి. బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంది, నడుం తిరుగుతుంది, ఆ తిరుగుడే మోచేతి మీదుగా వేళ్లదాకా పోతుంది. హిందూపురం వైపు పట్టుగూళ్ల నుంచి దారం తీసేవాళ్లను చూసినవాళ్లకు ఇది ఇట్టే తెలుస్తుంది: కుదిపితే తెగుతుంది, సాగదీయకపోతే చిక్కుపడుతుంది. చేయి దానంతట అది కదులుతోందా, నడుం కదిలిస్తోందా అన్నది ఒక్కటే చూసుకోండి.

ఇవి ఒంటబట్టాక లావోజియా యీలూ, అంటే పాత బాణీ మొదటి వరస మొదలుపెట్టండి. 1956లో చైనా ప్రభుత్వ క్రీడా సంఘం ప్రజల ఆరోగ్యం కోసం యాంగ్ అనే మరో తైచీ శైలి నుంచి 24 భంగిమల వరసను తయారుచేయించింది. అదీ మంచిదే, నా పేషెంట్లకు నేనే చెబుతాను. కానీ యుద్ధవిద్యగా నేర్చుకోవాలంటే అది చాలదు. ప్రతి భంగిమ దగ్గరా "ఇది దేనికి?" అని గురువుగారిని అడగండి. జవాబు నోటితో కాకుండా మీ మణికట్టు పట్టుకుని చూపించాలి.

ఇక అసలు పరీక్ష తుయ్ షౌ, ఇద్దరూ చేతులు ఆనించి నెట్టుకునే సాధన. ఎదుటివాడికి "నాకోసం పడిపోవద్దు" అని ముందే చెప్పండి. మెల్లగా నెట్టమనండి. మీరు బిగుసుకుపోతే ఓడినట్టు, వెనక్కి వాలినా ఓడినట్టే. నెట్టుడు మీ గజ్జల్లోంచి కాళ్లలోకి దిగి, నడుం తిరగ్గానే అతని బరువు పక్కకు జారిపోవాలి. మొదట తెలిసినవాళ్లతో, తర్వాత మీకన్నా బరువైనవాళ్లతో, ఆపైన కుస్తీ, జూడో తెలిసినవాళ్లతో చేయండి.

తాకకుండానే శిష్యులను ఎగరేసి పడేసే గురువు దగ్గర ఒక్క రోజు కూడా ఉండకండి. 2017లో చెంగ్దూలో తైచీ గురువునని చెప్పుకున్న వెయ్ లేయ్‌ని ఎంఎంఏ (రకరకాల పోరాట విద్యలు కలిపిన పోటీ) కోచ్ షూ షియావోడాంగ్ అరనిమిషం లోపే ఓడించాడు. తైచీ మీద ప్రేమ ఉన్నవాళ్లందరికీ అది బాధ కలిగించింది, నాకు కూడా. అయితే మన మీద నిజంగా బలం పెట్టే మనిషితో సాధన చేయకపోతే ఎవరికైనా అదే జరుగుతుంది.

రెండో వరస పావోచుయ్‌లో గెంతులు, మెరుపు దెబ్బలు ఉంటాయి. మొదటి వరసలో గురువుగారు ఎక్కడ ఆపి నెట్టినా నిలబడగలిగేదాకా దాని జోలికి పోవద్దు. నేల మీద కాలు దించి కొట్టే భంగిమలు మొదటి వరసలోనే వస్తాయి. అవి సిమెంటు గచ్చు మీద వద్దు, మట్టి నేల మీద చేయండి. అది దొరకకపోతే పాదాన్ని చప్పుడు లేకుండా ఆనించి, బరువు మాత్రం కిందికి దించండి.