వరుస సెలవుల్లో వ్యాయామం, తిండి గాడి తప్పకుండా చూసుకోవడం ఎలా?

వారాల తరబడి పట్టుదలగా వ్యాయామం చేసినవాళ్లు కూడా మూడు రోజుల సెలవులు రాగానే కంగారు పడతారు. మూడు రోజుల్లో కండ కరిగిపోదు, బలమూ తగ్గదు. వ్యాయామం పూర్తిగా మానేసినా బలం చెప్పుకోదగ్గంత తగ్గడానికి రెండు మూడు వారాలైనా పడుతుంది. అసలు నష్టం వేరేచోట జరుగుతుంది. మొదటి రోజు మధ్యాహ్నం కాస్త ఎక్కువ తినగానే "ఎలాగూ పోయింది, సెలవులయ్యాక చూద్దాంలే" అనిపిస్తుంది. అలా ఒక పూట కాస్తా మూడు రోజులవుతుంది, ఆ మూడు రోజులు మూడు వారాలవుతాయి. ఆ జారుడు మొదలవకుండా ఏం చేయాలో చూద్దాం.

1. ముందు లక్ష్యాన్ని చిన్నది చేసుకోండి

ఈ మూడు రోజుల్లో బరువు తగ్గాలనుకోవద్దు. ఉన్నది నిలబెట్టుకుంటే చాలు. సెలవులకు రెండు రోజుల ముందే ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: రోజుకు కనీసం ఎన్ని అడుగులు నడవాలి, మూడు రోజుల్లో ఎన్నిసార్లు వ్యాయామం చేయాలి, పూటపూటకూ ప్రొటీన్ దేని నుంచి తీసుకోవాలి.

అంకెలు మీ మామూలు రోజును బట్టి ఉండాలి. రోజూ 10,000 అడుగులు నడిచేవారు 6,000, రోజూ 5,000 నడిచేవారు 3,500 పెట్టుకోవచ్చు. వ్యాయామానికి ఒకటి లేదా రెండుసార్లు, ఒక్కోసారి 20 నిమిషాలు సరిపోతుంది. రాత్రి 9 గంటలకు గుర్తొచ్చినా పూర్తి చేయగలిగేంత చిన్నదైతేనే అది "కనీసం" అవుతుంది. చురుగ్గా నడిస్తే నిమిషానికి సుమారు 100 అడుగులు పడతాయి. కాబట్టి 1,000 అడుగులు తక్కువ పడ్డాయంటే ఇంకో పది నిమిషాలు నడిస్తే సరి.

బరువులు ఎత్తే అలవాటున్నవారికి ఇంకో మాట. ఎత్తే బరువును అలాగే ఉంచి సెట్లను (ఒక వ్యాయామాన్ని ఆపకుండా చేసే విడతలను) మూడో వంతుకు తగ్గించినా కొన్ని వారాల పాటు బలం నిలుస్తుంది. అందుకే చిన్న వర్కవుట్‌ను తీసిపారేయొద్దు.

2. వారం ప్రణాళికను కాస్త జరపండి

కష్టమైన వర్కవుట్‌ను సెలవులకు రెండు మూడు రోజుల ముందే ముగించి, విశ్రాంతి రోజును సెలవుల్లోకి నెట్టండి. సెలవుల్లో చేయలేమన్న భయంతో ముందు రోజే రెండు వర్కవుట్లు కలిపి చేయడం మాత్రం వద్దు. అలవాటు లేనంత శ్రమ చేస్తే కండరాల నొప్పులు ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉంటాయి. అంటే సరిగ్గా సెలవుల్లోనే మెట్లు దిగలేని పరిస్థితి వస్తుంది.

3. పొద్దున్నే పూర్తి చేయండి

"వీలు చూసుకుని చేద్దాం" అనేది మామూలు రోజుల్లోనే కష్టం, సెలవుల్లో అసలే కుదరదు. ఎవరో ఒకరు వస్తారు, ఎక్కడికో ఒకచోటికి బయల్దేరతారు. లేచిన గంటలోపు పని ముగిస్తే మిగతా రోజంతా నిశ్చింతగా ఉండొచ్చు. బూట్లు, బట్టలు రాత్రే మంచం పక్కన పెట్టుకోండి. "నాకు పొద్దున ఓ ఇరవై నిమిషాలు కావాలి" అని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. చెప్పకుండా మాయమైతేనే పేచీలు వస్తాయి.

4. ఇరవై నిమిషాల వర్కవుట్

ముందు మూడు నిమిషాలు ఉన్నచోటే నడుస్తూ భుజాలు, నడుము, మోకాళ్లు మెల్లగా కదిలించండి. తర్వాత ఈ ఐదూ వరుసగా చేయండి.

- స్క్వాట్స్ (కుర్చీలో కూర్చున్నట్టు కిందికి వంగి లేవడం) 12 సార్లు. మోకాళ్లు లోపలికి వాలకూడదు, మడమలు నేల వదలకూడదు.
- పుషప్స్ 8 సార్లు. నేల మీద కష్టమైతే కదలని బల్ల అంచు మీదో గోడకో చేతులు ఆనించి చేయండి.
- బ్యాక్‌ప్యాక్‌ను పొట్ట వైపు లాగడం, 12 సార్లు.
- వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, 15 సార్లు. పైన ఒక్క క్షణం ఆగండి.
- ప్లాంక్ (బోర్లా, మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలపడం) 30 సెకన్లు. నడుము కిందికి జారితే ఆపేయండి, 20 సెకన్లయినా ఫర్వాలేదు.

ఒక నిమిషం ఆగి మళ్లీ మొదలుపెట్టండి. ఇలా మూడు నాలుగు రౌండ్లు చేస్తే చాలు.

బ్యాక్‌ప్యాక్ విషయంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. 2 లీటర్ల నిండు సీసాలు రెండు పెడితే 4 కిలోల పైచిలుకు బరువు అవుతుంది. సీసాల మధ్య, చుట్టూ ఖాళీ లేకుండా తువ్వాళ్లు దోపి, జిప్ పూర్తిగా మూసి, పట్టీలు బిగించండి. ఖాళీ ఉంటే సీసాలు ఒక పక్కకు జారతాయి, ఆ కుదుపు నడుము మీద పడుతుంది. తుంటి దగ్గర వంగి, వీపు నిటారుగా ఉంచి, మోచేతులు ఒంటికి దగ్గరగా వెనక్కి తీసుకెళ్లండి. బ్యాగును ఊపి పైకి తెస్తున్నారంటే బరువు ఎక్కువైందని అర్థం, ఒక సీసా తీసేయండి.

ఛాతీలో నొప్పి, తల తిరగడం, ఎప్పుడూ లేనంత ఆయాసం ఉంటే వెంటనే ఆపి వైద్యుణ్ణి సంప్రదించాలి.

5. విందు రోజున తినే పద్ధతి

సాయంత్రం విందు ఉందని పొద్దుట్నుంచీ కడుపు మాడ్చుకోవడం అందరూ చేసే తప్పు. ఆకలితో నకనకలాడుతూ కూర్చుంటే మొదటి పది నిమిషాల్లోనే లెక్క తప్పుతుంది. ఉదయం, మధ్యాహ్నం మామూలుగానే, కాస్త తేలిగ్గా తినండి. ప్రతిసారీ 20 నుంచి 30 గ్రాముల ప్రొటీన్, గుప్పెడు కూరగాయలు ఉండేలా చూసుకోండి. ఇన్సులిన్‌గానీ షుగర్ మాత్రలుగానీ వాడేవారు వైద్యుణ్ణి అడక్కుండా భోజనం అస్సలు మానకూడదు.

వడ్డించుకునే ముందు ఉన్నవన్నీ ఒకసారి చూడండి. రోజూ దొరకనివి, మీకు నిజంగా ఇష్టమైనవి రెండు ఎంచుకుని హాయిగా తినండి. ఎప్పుడైనా దొరికేవాటికి కంచంలో చోటు ఇవ్వకండి. సగం కంచం కూరగాయలు, పావు వంతు ప్రొటీన్, మిగతా పావు వంతు మీరు ఎంచుకున్నవి. మారు వడ్డించుకునే ముందు ఓ పావుగంట ఆగండి, కడుపు నిండిన సంగతి తెలియడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

లెక్కలోకి రాకుండా జారిపోయేవి నూనె, పానీయాలే. ఒక టేబుల్ స్పూన్ నూనెలో సుమారు 120 కేలరీలుంటాయి. 330 మిల్లీలీటర్ల తీపి కూల్‌డ్రింక్‌లో దాదాపు 35 గ్రాముల చక్కెర, 140 కేలరీలు ఉంటాయి, అయినా కడుపు నిండినట్టే అనిపించదు. మద్యంలోని ఆల్కహాల్ గ్రాముకు 7 కేలరీలు. పైగా అది నిద్రను చెడగొడుతుంది, నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది.

భోజనమయ్యాక 10 నుంచి 15 నిమిషాలు మెల్లగా నడవండి. తిన్న తర్వాత రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగకుండా ఇది ఆపుతుంది. పక్కవాళ్లనూ పిలవండి, కబుర్లతో నడక తెలియకుండా సాగిపోతుంది.

6. ప్రయాణంలో ఉంటే

రెండు గంటలకోసారి దిగి ఐదు నిమిషాలు నడవండి. దిగడం కుదరకపోతే కూర్చునే మడమలు ఎత్తి దించండి. నీళ్ల సీసా, ప్రొటీన్ ఉన్న చిరుతిండి వెంట ఉంటే దారిలో దొరికినదల్లా తినే అవసరం రాదు.

7. సెలవుల తర్వాత మొదటి మూడు రోజులు

మర్నాడు పొద్దున్నే బరువు చూసుకోవద్దు. విందుల్లో తిన్న పిండిపదార్థాలను ఒళ్లు గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. గ్లైకోజెన్ ఒక్కో గ్రాముతో పాటు దాదాపు 3 గ్రాముల నీరూ నిలుస్తుంది. ఉప్పు ఇంకాస్త నీటిని పట్టి ఉంచుతుంది. ఇంకా అరగని ఆహారం కడుపులోనే ఉంటుంది. అందుకే ఒకటి రెండు కిలోలు పెరిగినట్టు కనిపిస్తుంది. లెక్క కట్టి చూడండి: కిలో ఒంటి కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. రెండు విందుల్లో మామూలు కంటే 2,000 కేలరీలు అదనంగా తిన్నా, పెరిగే కొవ్వు ఎక్కువలో ఎక్కువ 260 గ్రాములు. మిగతాది చాలావరకు నీరే, మామూలు తిండికి వచ్చాక కొద్ది రోజుల్లో అదే దిగుతుంది.

ఆ అంకె చూసి భయపడి పస్తులుండడం, రెండు గంటలు పరుగెత్తడం చేయకండి. పస్తు మళ్లీ అతిగా తినడానికి దారి తీస్తుంది, అలసట రెండో వర్కవుట్‌ను మింగేస్తుంది. వేళకు తినండి, నీళ్లు తాగండి, త్వరగా పడుకోండి. మొదటి వర్కవుట్‌లో ప్రతి వ్యాయామానికీ ఒక సెట్ తగ్గించండి, లేదా బరువు పది శాతం తగ్గించండి. బరువు నాలుగో రోజు ఉదయం, ఏమీ తినకముందు, కాలకృత్యాలు ముగిశాక చూసుకుని సెలవులకు ముందున్న బరువుతో పోల్చండి.