చిన్న పరిశ్రమ, బ్యాంకు అప్పు – 4వ పాఠం: డ్రాయింగ్ పవర్ లెక్క కట్టడం

గత పాఠంలో యంత్రాలకూ షెడ్డుకూ తీసుకునే టర్మ్ లోన్ వాయిదాలు లెక్క కట్టాం. ఈసారి రోజువారీ వ్యాపారానికి వాడుకునే క్యాష్ క్రెడిట్ ఖాతాను, అంటే బ్యాంకు పెట్టిన లిమిట్ (పరిమితి) వరకు అవసరం కొద్దీ డబ్బు తీస్తూ, కడుతూ ఉండే ఖాతాను చూద్దాం. చిత్తూరు దగ్గర తోతాపురి మామిడి గుజ్జు తీసే చిన్న ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకోండి. దాని ఏడాది అమ్మకాలు 4 కోట్ల రూపాయలు.

ఇటువంటి పరిశ్రమకు నిర్వహణ మూలధనం (రోజువారీ వ్యాపారం నడపడానికి కావలసిన డబ్బు) ఎంత కావాలో తేల్చడానికి బ్యాంకులు ఎక్కువగా అనుసరించేది రిజర్వ్ బ్యాంకు నియమించిన నాయక్ కమిటీ 1992లో సూచించిన పద్ధతి. రాబోయే ఏడాది అంచనా అమ్మకాల్లో 25 శాతం నిర్వహణ మూలధనమనీ, అందులో అమ్మకాల్లో 20 శాతానికి సమానమైన మొత్తం బ్యాంకు ఇవ్వగా, 5 శాతానికి సమానమైనది యజమాని పెట్టుకోవాలనీ ఆ పద్ధతి చెబుతుంది. దీని ప్రకారం మన ఫ్యాక్టరీకి కోటి రూపాయలు కావాలి. బ్యాంకు లిమిట్ 80 లక్షలు, యజమాని వాటా 20 లక్షలు.

25 శాతమన్న అంకె వెనుక, పెట్టిన డబ్బు మూడు నెలల్లో చేతికి తిరిగి వస్తుందన్న అంచనా ఉంది. కిరాణా హోల్‌సేల్ వ్యాపారికి అది సరిపోవచ్చు. మామిడి గుజ్జుకు మాత్రం సరిపోదు, ఎందుకంటే కాయంతా జూన్ నుంచి ఆగస్టు లోపలే కొనాలి, గుజ్జు తీసి డ్రమ్ముల్లో నింపాలి, ఆ డ్రమ్ములను ఏడాది పొడవునా అమ్ముకోవాలి. ఆగస్టు 31 నాటికి ఫ్యాక్టరీలో 160 లక్షల సరుకు, కొనుగోలుదార్ల దగ్గర 30 లక్షల బాకీ ఉన్నాయనుకుంటే మొత్తం 190 లక్షలు ఇరుక్కుని ఉన్నట్టు. బ్యాంకు, యజమాని కలిసి పెట్టింది కోటి. తక్కిన 90 లక్షల్లో 40 లక్షలు కాయ తోలిన రైతులకు ఇంకా చెల్లించని డబ్బు; మిగతా 50 లక్షలు బయటి వడ్డీకి తెచ్చిన అప్పు. అంటే లిమిట్ చాలనప్పుడు ఆ భారం మొదట పడేది రైతు మీదే. అందుచేత ఇలాంటి సీజన్ పరిశ్రమ నడిపేవారు నెలవారీ రాబడి, ఖర్చుల పట్టికతో నగదు బడ్జెట్ పద్ధతిలో లిమిట్ లెక్క కట్టమని, సీజన్‌కు ఒక లిమిట్, తక్కిన నెలలకు మరొకటి ఇమ్మని దరఖాస్తులోనే అడగాలి. నాయక్ పద్ధతిలోని 20 శాతం కనీసపు మొత్తమే గాని గరిష్ఠం కాదు. ఈ సంగతి తెలియక ఇచ్చినంతే పుచ్చుకుని వచ్చేసే యజమానులే ఎక్కువ.

లిమిట్ మంజూరైనంత మాత్రాన అదంతా వాడుకోవడానికి వీలుండదు. ప్రతి నెలా మీరిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ (సరుకు, బాకీల పట్టిక) నుంచి బ్యాంకు డ్రాయింగ్ పవర్‌ను, అంటే ఆ సరుకు, బాకీల ఆధారంగా తీయదగ్గ మొత్తాన్ని తేలుస్తుంది; లిమిట్, డ్రాయింగ్ పవర్ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకే డబ్బు తీయవచ్చు. మన ఫ్యాక్టరీ శాంక్షన్ లెటర్‌లో (అప్పు మంజూరు పత్రంలో) సరుకుపై 25 శాతం, బాకీలపై 40 శాతం మార్జిన్ (లెక్కలో బ్యాంకు తగ్గించుకునే భాగం) అని, 90 రోజులు దాటిన బాకీలు లెక్కకు రావని రాసి ఉందనుకుందాం.

ఆగస్టు లెక్క: సరుకు 160 లక్షల్లోంచి రైతులకు చెల్లించాల్సిన 40 లక్షలు తీసేస్తే 120. డబ్బు కట్టని సరుకును బ్యాంకు మీదిగా ఒప్పుకోదు. అందులో 25 శాతం మార్జిన్ పోగా 90. బాకీలు 30 లక్షల్లో 90 రోజులు దాటినవి 6. మిగిలిన 24లో 40 శాతం పోగా 14.4. డ్రాయింగ్ పవర్ 104.4 లక్షలు. లిమిట్ 80 లక్షలే కనుక 80 వరకే వాడుకోవచ్చు.

మార్చి లెక్క చూడండి. సరుకు 40, చెల్లించాల్సింది 4, మార్జిన్ పోగా 27. బాకీలు 50, అందులో పాతవి 20, మిగిలిన 30లో మార్జిన్ పోగా 18. డ్రాయింగ్ పవర్ 45 లక్షలు. ఖాతాలో వాడకం 62 లక్షలుంటే, లిమిట్ లోపలే ఉన్నామని యజమాని అనుకుంటున్నా, 17 లక్షలు మితిమీరినట్టే. ఈ స్థితి ఎడతెగకుండా 90 రోజులు సాగితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. మూడు నెలలకు మించిన పాత స్టాక్ స్టేట్‌మెంట్ మీద లెక్క కట్టిన డ్రాయింగ్ పవర్‌తో డబ్బు తీస్తున్నా బ్యాంకు దాన్ని క్రమం తప్పిన వాడకంగానే చూస్తుంది. అందుకే స్టేట్‌మెంట్ పంపేలోగా ఈ లెక్క మీరే కట్టుకోవాలి.

మార్చిలో దెబ్బతీసింది ఆ 20 లక్షల పాత బాకీలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం చేసే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తరహా ఉత్పత్తిదారుకు, ఒప్పందం ఎలా ఉన్నా, కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) అభివృద్ధి చట్టం చెబుతుంది; ఆలస్యమైతే బ్యాంక్ రేటుకు (రిజర్వ్ బ్యాంకు ప్రకటించే వడ్డీ రేటుకు) మూడింతల చక్రవడ్డీ కట్టాలి. ఇన్వాయిస్ మీదే ఉద్యమ్ నంబరు, గడువు తేదీ ముద్రించడం అలవాటు చేసుకోండి.

అభ్యాసం: నవంబరు 30న సరుకు 110 లక్షలు, రైతులకు చెల్లించాల్సింది 20, బాకీలు 45, వాటిలో 90 రోజులు దాటినవి 5, ఖాతాలో వాడకం 78. లిమిట్, మార్జిన్లు పైవే. ఇంకా ఎంత తీయవచ్చో కనుక్కోండి. తరువాత, 24 లక్షల విలువైన డ్రమ్ముల్లో గుజ్జు చెడిపోయిందని తేలినట్టు భావించి మళ్ళీ లెక్క కట్టండి. రెండో లెక్క తేలాక బ్యాంకుకు రాయవలసిన ఉత్తరం ముసాయిదా కూడా సిద్ధం చేసుకోండి. 5వ పాఠంలో దాన్నే సరిదిద్దుకుందాం.