అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్, స్పీడ్ లిమిటర్: మన హైవేల మీద ఎలా వాడాలి?

ఏడీఏఎస్ (డ్రైవర్‌కి సాయపడే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు) ఉన్న కారు కావాలని పట్టుబట్టి, టాప్ వేరియంట్‌కి ఎక్కువ డబ్బు పెట్టి కొన్నవాళ్లలో చాలామంది, ముందు బండిని బట్టి స్పీడ్‌ని తనే సర్దుకునే అడాప్టివ్ క్రూయిజ్‌ని ఒకటి రెండుసార్లు వాడి, కారు దానంతటదే బ్రేకేసేసరికి భయపడి ఇంక దాని జోలికి పోరు. ఇంకో రకం వాళ్లున్నారు, దాన్ని ఆన్ చేసి స్టీరింగ్ వదిలేసి వీడియోలు తీసుకుంటారు. ఇద్దరికీ తెలియనిది ఒక్కటే: ఆ బటన్ నొక్కాక కారు దేన్ని చూస్తోంది, దేన్ని పట్టించుకోవట్లేదు అన్నది. డెలివరీ రోజు షోరూమ్‌లో పూజ, ఫోటో, కేక్ అయ్యేసరికి దీని గురించి వివరంగా చెప్పేంత తీరిక ఎవరికీ ఉండదు. అందుకే మొదటినుంచీ చెప్తాను.

ముందు మీ కారులో ఏముందో చూసుకోండి

స్టీరింగ్ మీద క్రూయిజ్ బటన్ కనిపించినంత మాత్రాన అది అడాప్టివ్ కాదు. మామూలు క్రూయిజ్ కంట్రోల్ పాతది. రాల్ఫ్ టీటర్ అనే కళ్లు కనపడని అమెరికన్ ఇంజనీరు తయారుచేసి 1950లో పేటెంట్ తీసుకున్నాడు, 1958లో క్రైస్లర్ కంపెనీ ఇంపీరియల్ కార్లలో వచ్చింది. అది మీరు పెట్టిన స్పీడ్‌ని పట్టుకుని ఉంటుంది, అంతే. ముందు లారీ ఉన్నా, గోడ ఉన్నా దానికి తెలీదు.

అడాప్టివ్ అయితే ముందు బండిని చూసి దూరం పాటిస్తుంది. ఎక్కువ కార్లలో బంపర్ వెనకో, గ్రిల్‌లోనో, కంపెనీ లోగో వెనకో ఒక రాడార్ ఉంటుంది, లోపలి అద్దం దగ్గర విండ్‌షీల్డ్‌కి ఒక కెమెరా ఉంటుంది. రాడార్ 77 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగాలు పంపుతుంది. అవి ముందు బండికి తగిలి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. అంబులెన్స్ మనవైపు వస్తున్నప్పుడు ఒకలా, దాటిపోయాక ఒకలా సైరన్ వినిపిస్తుంది కదా, అలాగే తిరిగొచ్చిన తరంగంలో వచ్చిన తేడాను బట్టి ముందు బండి మనకన్నా ఎంత నెమ్మదిగా పోతోందో లెక్క కడుతుంది. అది కారా, బైకా, మన లేన్‌లో ఉందా, పక్క లేన్‌లోనా అన్నది చెప్పడంలో కెమెరాది పెద్ద పాత్ర. మన దగ్గర అమ్మే హోండా సిటీ, ఎలివేట్ లాంటి వాటిలో రాడార్ లేదు, మొత్తం పని కెమెరాదే, కాబట్టి పొగమంచులో, ఎదురెండలో ఆ కార్లు నడిపేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి.

మూడోది స్పీడ్ లిమిటర్. ఇది కారును నడపదు, మీరు పెట్టిన స్పీడ్ దాటనివ్వదు, అంతే. దాని సంగతి చివర్లో చెప్తాను.

బయల్దేరే ముందు ఒక్కసారి ముందుకెళ్లి చూడండి

రాడార్ ఎక్కడుందో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. ఆ చోట బురద, ఎండిపోయిన పురుగులు ఉంటే తడిగుడ్డతో తుడవండి. దసరాకి బండికి పూజ చేసి పూలదండ సరిగ్గా లోగోకి అడ్డంగా కట్టి అలాగే హైవే ఎక్కేవాళ్లు చాలామంది ఉంటారు, పూజ అవ్వగానే ఆ దండని తీసేయండి. పసుపు, కుంకుమ బొట్లు రాడార్ ప్లేటు మీద కాకుండా బానెట్ మీద పెట్టుకోవచ్చు. రాడార్‌కి అడ్డం వచ్చేలా బయట కొన్న క్రాష్ గార్డు, ఫ్యాన్సీ నంబర్ ప్లేట్ ఫ్రేమ్ బిగించవద్దు. ఫాస్టాగ్ స్టిక్కర్, దేవుడి స్టిక్కర్ కెమెరా ముందున్న అద్దం మీద పడకూడదు. విండ్‌షీల్డ్ పగిలి కొత్తది వేయించినా, ముందు బంపర్ మార్చినా క్యాలిబ్రేషన్ (కెమెరా, రాడార్ సరైన దిశలో చూసేలా సరిచేయడం) చేశారా అని సర్వీస్ సెంటర్లో అడిగి, బిల్లులో ఆ లైన్ ఉందో లేదో చూసుకోండి. కెమెరా కొంచెం పక్కకి తిరిగి ఉన్నా పక్క లేన్ బండిని మన లేన్ బండి అనుకునే ప్రమాదం ఉంది.

మొదటిసారి ఔటర్ మీద మొదలుపెట్టండి

హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి దీన్ని నేర్చుకోవడానికి ఔటర్ రింగ్ రోడ్డు కన్నా మంచి చోటు లేదు. 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు, టూవీలర్లు రానివ్వరు, క్రాసింగ్‌లు లేవు. ఆదివారం పొద్దున్నే, ఎండ బాగా వచ్చాక, ఎడమవైపు లేన్లలో 80 దగ్గర మొదలుపెట్టండి. క్రూయిజ్ బటన్ నొక్కితే డ్యాష్‌బోర్డులో గుర్తు వెలుగుతుంది, కానీ అప్పటికి అది సిద్ధంగా ఉందని మాత్రమే అర్థం. సెట్ మైనస్ బటన్ నొక్కినప్పుడే పని మొదలవుతుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. రెస్ ప్లస్‌తో పెంచుకోవాలి, సెట్ మైనస్‌తో తగ్గించుకోవాలి. గుర్తులు ఒక్కో కంపెనీకి కొంచెం మారతాయి.

ముందు కారు దొరకగానే డ్యాష్‌బోర్డు బొమ్మలో ఒక కారు ప్రత్యక్షమవుతుంది. ఈ చిన్న బొమ్మను చూడటం అలవాటు చేసుకోండి. కళ్లెదుట బండి ఉండి, డ్యాష్‌బోర్డులో బొమ్మ లేదంటే మీ కారు దాన్ని గుర్తించలేదని అర్థం, వెంటనే బ్రేక్ మీదకి కాలు పోవాలి.

బ్రేక్ తొక్కితే క్రూయిజ్ ఆగిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం ఆగదు, తొక్కినంతసేపూ మీ మాట వింటుంది, కాలు తీయగానే మళ్లీ పాత స్పీడ్‌కి వస్తుంది. కొందరు యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి ఉంచుతారు, అప్పుడు చాలా కార్లలో అది తనంతట తాను బ్రేక్ వేయదు. కాలు బ్రేక్ పెడల్ దగ్గర, నేల మీద ఉండాలి, సీట్లో మఠం వేసుకుని కూర్చోవడానికి వీల్లేదు.

దూరం ఎక్కువ పెట్టుకోండి, ఎవరు దూరినా పర్లేదు

గ్యాప్ బటన్‌కి మూడో నాలుగో గీతలుంటాయి. అవి మీటర్లు కావు, సెకన్లు. 100లో పోతున్న కారు సెకనుకి దాదాపు 28 మీటర్లు వెళ్తుంది, కాబట్టి ఒక సెకను గ్యాప్ అంటే 28 మీటర్లు, రెండు సెకన్లంటే 56. అన్నిటికన్నా ఎక్కువ దూరం పెట్టమనే నేను చెప్తాను. దీనికి అందరూ చెప్పే అభ్యంతరం, "అంత ఖాళీ వదిలితే ప్రతివాడూ మధ్యలో దూరతాడు" అని. నిజమే, దూరతారు. లెక్క చూడండి: ఒక కారు దూరితే మీ కారు దాని వెనక మళ్లీ రెండు సెకన్ల దూరానికి సర్దుకుంటుంది, అంటే మీకు పోయింది సుమారు రెండు సెకన్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేలోపు 20 మంది దూరినా పోయేది 40 సెకన్లు, నిమిషం కూడా కాదు. దానికోసం టెన్షన్ పడి గ్యాప్ తగ్గించుకోవడం అనవసరం.

కాకపోతే మరీ దగ్గరగా, మీ బంపర్ ముందు కట్ కొట్టిన బండిని కారు గుర్తించడానికి క్షణం పడుతుంది. ఎవరైనా ఇండికేటర్ కూడా వేయకుండా మీవైపు వాలుతుంటే మీరే ముందు బ్రేక్ వేయండి.

ఇక అసలు విషయం: ఆగి ఉన్న లారీ

ఈ వ్యాసంలో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి. అడాప్టివ్ క్రూయిజ్ కదులుతున్న బండ్లను వెంబడించడానికి పుట్టింది. ఆగి ఉన్నదాన్ని చాలాసార్లు వదిలేస్తుంది. కారణం ఉంది. రోడ్డు మీద పెద్ద బోర్డులు, డివైడర్ ఇనుప కడ్డీలు, వంతెనలు, అన్నీ రాడార్‌కి మన స్పీడ్‌తోనే ఎదురొస్తున్నట్టు కనిపిస్తాయి. ఆగి ఉన్న లారీ కూడా సరిగ్గా అలాగే కనిపిస్తుంది. కనిపించిన ప్రతిదానికీ బ్రేక్ వేస్తే కారు ప్రతి బోర్డు కిందా ఆగిపోతుంది, అందుకని చాలావాటిని వడకట్టేస్తుంది. కెమెరా సాయంతో కొత్త కార్లు కొంత మెరుగయ్యాయి కానీ, ఆగి ఉన్న వాహనాన్ని గుర్తించకపోవచ్చని దాదాపు ప్రతి మాన్యువల్లోనూ రాసే ఉంటుంది.

రెండో సంగతి, అది వేసే బ్రేక్‌కి హద్దు ఉంది. ఐఎస్ఓ 15622 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం హైవే స్పీడ్‌లో ఏసీసీ (అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్) ప్రతి సెకనులో తగ్గించే వేగం సెకనుకి 3.5 మీటర్లకు మించకూడదు, అంటే ఒక్కో సెకనుకి స్పీడోమీటర్లో 12, 13 కిలోమీటర్లు దిగుతుంది. పొడి రోడ్డు మీద మీరు కాలితో గట్టిగా తొక్కితే దానికి రెండింతలు పైనే దిగుతుంది. ఏసీసీ తన శక్తినంతా వాడినా, 80లో పోతున్న కారు ఆగడానికి 70 మీటర్లు కావాలి, 100 అయితే 110, 120 అయితే దాదాపు 160. అది గుర్తించడానికి పట్టే సమయం ఇందులో లేదు.

ఇప్పుడు ఎన్‌హెచ్ 65 మీద, సూర్యాపేట దాటాక, రాత్రి పదకొండింటికి ఊహించుకోండి. మీ ముందు ఒక కారు, మీది దాని వెనకాల హాయిగా 95లో వస్తోంది. ముందు కారతను చివరి క్షణంలో పక్క లేన్‌లోకి తప్పుకున్నాడు, అక్కడ టైరు పంక్చరై, వెనక లైట్లు వెలగని లారీ ఆగి ఉంది. మీ కారుకి తెలిసింది ఏమిటంటే ముందున్న బండి వెళ్లిపోయింది, దారి ఖాళీ, మీరు 100 పెట్టారు కాబట్టి స్పీడ్ పెంచాలి. అది నిజంగానే స్పీడ్ పెంచబోతుంది. ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేక్ వేరుగా ఉన్నా, అంత స్పీడ్‌లో అది దెబ్బ తీవ్రతను తగ్గించవచ్చు గానీ ఆపుతుందన్న హామీ లేదు. అందుకే మీ చూపు ముందు కారు దగ్గర ఆగిపోకూడదు, దాని అద్దాల్లోంచీ పక్కనుంచీ దాని ముందేముందో చూస్తూ ఉండాలి. నాలుగు లేన్ల డివైడెడ్ హైవే మీద కార్లకి చట్టం ఇచ్చిన గరిష్ఠం 100, కానీ రాత్రిపూట ఏసీసీ పెడితే 80కి మించొద్దనేది నా సలహా.

అమెరికాలో ఇంటర్‌స్టేట్ల మీద ఏళ్ల తరబడి దీన్ని వాడి సెలవులకి ఇంటికొచ్చి కారు తీసేవాళ్లకి ఈ మాట మరీ ముఖ్యం. అక్కడ రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు, సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వెనక రిఫ్లెక్టర్ లేని పత్తి ట్రాక్టర్ ఉండవు.

ఎక్కడ ఆపేయాలి

టోల్ ప్లాజా బోర్డు కనిపించగానే ఆపేయండి. ఊరి మధ్యలోంచి హైవే పోయేచోట, యూటర్న్ గ్యాపుల దగ్గర, సిగ్నళ్ల దగ్గర కూడా అంతే. దానికి ఎర్ర లైటు తెలియదు, ముందు బండి దాటితే అదీ దాటబోతుంది. శ్రీశైలం, తిరుమల లాంటి ఘాట్ రోడ్లలో అసలు వద్దు, మలుపులో ముందు బండి రాడార్ చూపు నుంచి తప్పుకోగానే ఖాళీ అనుకుని స్పీడ్ అందుకుంటుంది. గట్టి వాన పడి రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడూ వద్దు. లేన్ అంచున పోయే బైకుని ఆలస్యంగా గుర్తిస్తుంది, అవి ఎక్కువున్న రోడ్డు మీద మీరే నడపండి.

స్పీడ్ లిమిటర్‌ని ఊళ్లో వాడండి

దీన్ని పట్టించుకునేవాళ్లే తక్కువ, నాకైతే రోజువారీ డ్రైవింగ్‌లో ఏసీసీ కన్నా ఎక్కువ పనికొచ్చేది ఇదే. క్రూయిజ్ పక్కన లిమ్ అనో, మీటర్ బొమ్మతోనో బటన్ ఉంటుంది. 60 పెట్టారనుకోండి, 60 లోపు కారు మామూలుగానే ఉంటుంది, యాక్సిలరేటర్ మీదే, బ్రేకూ మీదే. 60కి రాగానే మీరు ఎంత తొక్కుతున్నా ఇంజిన్ కంప్యూటర్ అంతకుమించి శక్తి ఇవ్వదు. అత్యవసరంగా తప్పుకోవాల్సి వస్తే పెడల్‌ని పూర్తిగా అడుగుదాకా నొక్కితే చాలా కార్లలో లిమిటర్ పక్కకి తప్పుకుంటుంది. పల్లంలో మాత్రం స్పీడ్ పెరగొచ్చు, చాలావాటిలో లిమిటర్ బ్రేక్ వేయదు, అక్కడ మీరే వేయాలి. ఖాళీగా ఉన్న ఫ్లైఓవర్ల మీద తెలియకుండానే 80 దాటిపోయి చలాన్లు కట్టేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

2019 జులై 1 నుంచి మన దగ్గర కొత్త కార్లన్నిటిలో వచ్చే బీప్‌ని దీంతో కలపకండి. అది 80 దాటితే ఉండుండి మోగుతుంది, 120 దాటితే ఆపకుండా మోగుతుంది, కారును మాత్రం ఆపదు. క్యాబులకి 80 దగ్గర బిగించే స్పీడ్ గవర్నర్ వేరు, దాన్ని డ్రైవర్ తీసేయకూడదు. యూరప్‌లో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులో, కెమెరాతోనో మ్యాప్‌తోనో రోడ్డు స్పీడ్ లిమిట్ తెలుసుకుని డ్రైవర్‌ని హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. అలా బోర్డులు చదివే కార్లు ఇక్కడా వస్తున్నాయి, కానీ సర్వీస్ రోడ్డు బోర్డును మెయిన్ రోడ్డుదిగా చదవొచ్చు కాబట్టి లిమిట్ మీరే చేత్తో పెట్టుకోవడం మేలు.

ఔటర్ దిగేటప్పుడు ఎగ్జిట్ ర్యాంప్ రాకముందే ఏసీసీ ఆపి, లిమిటర్‌ని 50కి పెట్టండి. చాలా కార్లలో రెండింటికీ అవే బటన్లు. ఏసీసీని బ్రేక్‌తో ఆపి వదిలేస్తే పాత 100 దాని జ్ఞాపకంలో ఉంటుంది, సర్వీస్ రోడ్డులో పొరపాటున రెస్ ప్లస్ మీద వేలు పడితే కారు మళ్లీ 100 అందుకోవడానికి ముందుకి ఉరుకుతుంది. అందుకే బ్రేక్‌తో ఆపడం ఒక్కటే సరిపోదు, క్రూయిజ్ మెయిన్ బటన్ నొక్కి డ్యాష్‌బోర్డులో ఆ గుర్తు పూర్తిగా పోయిందో లేదో చూసుకోండి.